నూట డెబ్భై ఎనిమిది తరాలు, ఒక ఎర్ర బక్కెట్టు

1995వ సంవత్సరం జూలై మూడవ తేదీ, సోమవారం. పది గంటలకు హాజరు కావలసిందిగా ఉత్తర్వులో స్పష్టంగా ఉన్నప్పటికీ ఎనిమిదిన్నరకే వచ్చి, గేటు తెరిచేదాకా ఒకచోట నిలబడలేక, ప్రహరీ గోడ పొడవునా పదకొండుసార్లు అటూ ఇటూ నడిచిన ఒక యువకుడు ఆనాడు నగర వ్యర్థాల నిర్వహణ సంస్థలో తూకం గుమాస్తాగా ఉద్యోగంలో చేరారు. పదకొండు అన్నది అప్పటి కాపలాదారు స్వయంగా లెక్కపెట్టి, తాను విరమణ చేసేదాకా కొత్తగా చేరిన ప్రతి ఉద్యోగికీ చెబుతూ వచ్చిన అంకె. ఆ యువకుడే ఈ నెల ముప్పయ్యవ తేదీన మన సేంద్రియ వ్యర్థాల కేంద్రంలో పెంపక విభాగం పర్యవేక్షకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. ముప్పయ్యొక్క సంవత్సరాల సేవకు మూడు రోజులు తక్కువ. ఆ మూడు రోజులు కూడా పనిచేసి వెళ్తానని వారు అర్జీ పెట్టుకున్నారు. కుదరదని కార్యాలయం జవాబిచ్చింది.

వారిని అసలు పేరుతో పిలిచేవారు మనలో ఎవరూ లేరు. "పాదరసం గారూ" అంటేనే పలుకుతారు, అదీ నడుస్తూనే. సంస్థ వారికి కేటాయించిన కుర్చీ మీది దిండు కొన్ననాటి మెరుపు ఏమాత్రం తగ్గకుండా అలాగే ఉన్నదనీ, వారి స్థానంలో వచ్చేవారికి అది సరికొత్త కుర్చీగానే దక్కుతుందనీ చెప్పడానికి సంతోషిస్తున్నాము. సంతకం పెట్టించుకోవాలంటే కాగితంతోపాటు గట్టి అట్ట కూడా పట్టుకుని వెంట నడవాలన్న సంగతి మన కార్యాలయంలో చేరినవారు మొదటి వారంలోనే నేర్చుకుంటారు.

తూకం గుమాస్తాగా ఉన్న తొమ్మిదేళ్ళూ వారు తూకం గదిలో ఉన్నది తక్కువ, లారీల మీద ఉన్నది ఎక్కువ. కూరగాయల మార్కెట్టు నుంచి, హోటళ్ళ నుంచి, పెళ్ళి హాళ్ళ నుంచి వచ్చే తడి చెత్తను బరువు రాసుకుని పంపించేస్తే సరిపోయే ఉద్యోగమది. వీరు మాత్రం లారీ ఎక్కి, చెత్తలో చెయ్యి పెట్టి, "ఇంత మంచి సరుకు కుళ్ళబెట్టడానికా తీసుకెళ్తున్నారు?" అని డ్రైవర్లతో పోట్లాడేవారు. డ్రైవర్లు ముక్కు మూసుకుని నవ్వుకునేవారు. ఆ సరుకు గుట్టగా పడి, పొగలు కక్కుతూ, వాన పడితే నల్లటి నీరుగా కారిపోవడం చూసినప్పుడల్లా వారికి కాళ్ళూ చేతులూ ఆడేవి కావు.

2004 మార్చిలో అప్పటి డైరెక్టరు గారు సిబ్బంది అందరినీ సమావేశపరచి, సేంద్రియ వ్యర్థాలను పురుగుల చేత తినిపించి, ఆ పురుగుల కొవ్వు నుంచి బయోడీజిల్, మిగిలిన పిప్పి నుంచి కోళ్ళకూ చేపలకూ దాణా తయారుచేసే ప్రయోగం మొదలుపెట్టబోతున్నామనీ, అందుకు ఈగలను పెంచవలసి ఉంటుందనీ ప్రకటించారు. హాలంతా గొల్లుమంది. "బాధ్యత తీసుకోదలచినవారు లేచి నిలబడండి" అని డైరెక్టరు గారు అనగానే, అప్పటిదాకా కుర్చీల్లో సర్దుకుంటున్నవారు సైతం బిగుసుకుపోయారు. ఎప్పటిలాగే వెనక గోడ పక్కన నిలబడి ఉన్న పాదరసం గారు ఒక్కరే కళ్ళకు కనిపించారు. "శభాష్" అన్నారు డైరెక్టరు గారు. తాము ఒప్పుకుని నిలబడ్డారా, లేక కూర్చోవడం చేతకాక నిలబడ్డారా అన్న ప్రశ్నకు ఈనాటికీ వారి నుంచి సూటి జవాబు రాలేదు.

బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈ నల్లని ఈగ మన వంటింట్లో వాలే ఈగ లాంటిది కాదన్న సంగతి ఈ సంచిక చదివే కుటుంబసభ్యుల కోసం చెప్పక తప్పదు. ఈగగా బతికేది వారం పైన ఒకటి రెండు రోజులు. ఆ కొద్ది రోజులూ దానికి తిండి ధ్యాస ఉండదు. వెలుతురు బాగా ఉన్న వలగదిలో జతకట్టి, చెక్క బద్దల సందుల్లో గుడ్లు పెట్టి కన్నుమూస్తుంది. తినే పనంతా దాని పిల్లలది. రెండు వారాలపాటు రేయింబవళ్ళు తిని, బొద్దుగా పెరిగి, ముదురు రంగుకు తిరిగి, పొడి చోటు వెతుక్కుంటూ ట్రేల గోడలెక్కి వాటంతట అవే బయటికి వచ్చేస్తాయి. విత్తనానికి ఉంచుకున్నవి ప్యూపాలుగా గట్టిపడి మళ్ళీ ఈగలవుతాయి. మొదటి వలగదికి తగిన వల బజారులో దొరక్కపోతే, వృత్తిరీత్యా టైలరైన పాదరసం గారి శ్రీమతి నీలం అంచున్న నైలాను వల గుడ్డను తన మిషను మీద కుట్టి ఇచ్చారు. ఏ ఈగల కోసం కుట్టిందీ తెలిశాక ఆవిడ మిషనును రెండుసార్లు కడిగారని వినికిడి.

ఉష్ణమాపకాలు, తేమ కొలిచే పరికరాలు వచ్చినా వారి పద్ధతి వారిదే. ట్రే మీదికి వంగి చెవి పెట్టేవారు. ఆరోగ్యంగా తింటున్న ట్రే నుంచి రేకుల మీద సన్నని జల్లు పడుతున్నట్టు చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఆగితే తడి ఎక్కువైందనో, వేడి పెరిగిందనో అర్థం. అప్పుడిక వారిని పట్టడం ఎవరి తరమూ కాదు. ఇలా పరుగెత్తి పరుగెత్తి, 2011 నాటికి, చెత్త తెచ్చిన లారీ ఆ చెత్త నుంచి తీసిన ఇంధనం కలుపుకుని తిరిగి వెళ్ళే స్థితికి మన కేంద్రాన్ని తెచ్చారు. డ్రైవర్లు ముక్కు మూసుకోవడం మానలేదు గానీ నవ్వడం మానేశారు.

వలగది తలుపు పక్కన ఉన్న నల్లబోర్డు గురించి మనలో ఎవరికీ చెప్పనక్కరలేదు. కొత్త తరం గుడ్లు పొదిగిన ప్రతిసారీ పాత అంకె తుడిచి కొత్త అంకె వేస్తారు. వచ్చిన ప్రతి అతిథీ ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటారు. "ఒకే వంశం, తెగని తరం" అన్నది మన దాణా సంచుల మీద అచ్చయ్యే మాట. ఈ రోజు ఆ బోర్డు మీద ఉన్న అంకె నూట డెబ్భై ఎనిమిది. ఈ సంచికకు మొదట అనుకున్న శీర్షిక కూడా ఆ అంకె ఒక్కటే.

వ్యాసం రాసే బాధ్యత మన స్టోర్ కీపరు గారికి అప్పజెప్పారు. ఇటువంటి వ్యాసంలో ఒక సరదా సంఘటన తప్పనిసరి గనుక, అది సంపాదించడానికి ఆయన గత ఆదివారం ఉదయం పాదరసం గారి ఇంటికి వెళ్ళారు. కాఫీలోకి పాలు తెచ్చే నెపంతో పాదరసం గారు చెప్పులేసుకుని వీధిలోకి జారుకోగా, శ్రీమతి మిషను ఆపకుండానే మాట కలిపారు.

"సరదా సంగతా? మా ఇంట్లో బక్కెట్టు దొంగతనం జరిగింది తెలుసా తమ్ముడూ?"

"బక్కెట్టా అక్కా?"

"ఎర్ర బక్కెట్టు. పన్నెండేళ్ళు దాటింది. ఆయన ఒకసారి కోళ్ళకు వేయమని గుప్పెడు పురుగులు తెచ్చారు. నేను సగం వేసి, సగం బక్కెట్టులో కూరగాయల తొక్కుల మీద వదిలాను. నాలుగేళ్ళు నడిపాను. మా ఆరు కోళ్ళూ ఎలా ఉండేవనుకున్నావ్! ఒకరోజు బట్టలివ్వడానికి వెళ్ళొచ్చేసరికి బక్కెట్టు లేదు. ఎవరో ఎత్తుకుపోయుంటారన్నారు ఈయన. ఎవరో ఏమిటి, నాకు తెలీదూ? పక్కింటి వదిన! ఆ బక్కెట్టు కొనిచ్చింది ఆవిడే. ముందు వారమే మా కోళ్ళు ఆవిడ మొక్కలు పీకాయని మాటా మాటా అనుకున్నాం. ఇచ్చింది తిరిగి పట్టుకుపోయింది. ఆ రోజు నుంచి నేను ఆవిడ మొహం చూడలేదు."

పురుగుల బక్కెట్టును దొంగలెత్తుకుపోవడం కన్నా సరదా సంఘటన ఎక్కడ దొరుకుతుంది? స్టోర్ కీపరు గారు సంబరపడిపోయి, ఆ సాయంత్రమే వ్యాసంలో ఎక్కించి, సోమవారం పొద్దున్నే తప్పులుంటే దిద్దమని పాదరసం గారికి ఇచ్చారు. వారు నడుస్తూ చదవడం మొదలుపెట్టారు. మూడో పేజీ తిప్పారు. నడక ఆగింది. తర్వాత జరిగినదాన్ని గదిలో ఉన్న నలుగురూ చూశారు గనుక రాయగలుగుతున్నాము. పాదరసం గారు తమ కుర్చీలో కూర్చున్నారు.

"ఒంట్లో బాగాలేదా సార్?" అంటూ స్టోర్ కీపరు గారు మంచినీళ్ళ కోసం పరుగెత్తారు.

"బాగానే ఉంది. ఆ తలుపు వేసి రండి. ఆ దొంగను నేనే."

2013 ఆగస్టులో పై కార్యాలయం నుంచి తనిఖీ బృందం వచ్చింది. నూనె తీసి చూపించాలన్న ఆరాటంలో పెద్ద షెడ్డులోని పురుగునంతా ముందురోజే ఎండబెట్టేశారు. విత్తనానికి మిగిలిందంతా వలగదిలోనే ఉంది. అతిథులకు తేనీరు, బిస్కెట్లు అమర్చిన వసారాలో మామూలు ఈగలు నాలుగు ముసిరాయి. బృందంలో ఒకాయన చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, "మీకలవాటేమో గానీ..." అని నవ్వారు. పదేళ్ళుగా పురుగు అంటే అసహ్యం కూడదని ఊరందరికీ చెబుతూ వచ్చిన మనిషికి ఆ నవ్వు తలకొట్టేసినట్టయింది. అందరూ షెడ్డు చూడటానికి కదలగానే, ఊడ్చేవారి అలమరలోని బొద్దింకల మందు డబ్బా తీసి, ఎవరింట్లోనైనా ఎవరైనా చేసే పనే చేశారు. వసారా అంతా కొట్టారు. వలగదిలోకి గాలి లాగే ఫ్యాను ఆ వసారా వైపే ఉందన్న సంగతి, దాన్ని స్వయంగా బిగించిన మనిషికి, ఆ క్షణాన గుర్తు రాలేదు.

బృందం మెచ్చుకుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం మూడింటికి వలగది తలుపు తీస్తే నేల నల్లగా ఉంది. చిన్న ట్రేలకు చెవి పెడితే చప్పుడు లేదు. ప్యూపాల్లోంచి అప్పుడే బయటికొస్తున్న ఈగలు వలకు అంటిన మందు తగిలి వచ్చినవి వచ్చినట్టే కూలిపోతున్నాయి. డెబ్భై ఐదు తరాలు నిలబెట్టిన మనిషి ఈగల ఊళ్ళో ఈగల మందు కొట్టారు.

"ఆ ఒక్క నిమిషం నాకు నా ఈగల్ని చూసి సిగ్గేసిందండీ. అదే. మిగతాదంతా దాని వెనకాల వచ్చింది" అన్నారు పాదరసం గారు.

పెరట్లో తొక్కుల బక్కెట్టులో ఎప్పుడో పురుగు కనిపించిన గుర్తుతో సైకిలెక్కి ఇంటికి పరుగెత్తారు. ఇంట్లో ఎవరూ లేరు. పెరట్లో ఎర్ర బక్కెట్టు మూత లేకుండా ఉంది. అందులో పురుగు కళకళలాడుతోంది. సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని తెచ్చి, వలగది కడిగి, కొత్త వల కట్టి, "ఒక మూల కొంత విత్తనం మిగిలింది" అని సిబ్బందికి చెప్పారు. నెలన్నర తర్వాత బోర్డు మీద డెబ్భై ఆరు అని వేశారు. తాము ఇచ్చిన గుప్పెడూ శ్రీమతి కోళ్ళకు ఎప్పుడో వేసేసి ఉంటారనీ, మూత లేని బక్కెట్టులో ఉన్నది ఎక్కడెక్కడి ఈగలో వచ్చి పెట్టిన సంతానమనీ వారి అనుమానం. ఇంట్లో అడగవచ్చు కదా అంటే, అడిగితే బక్కెట్టు ఎత్తుకెళ్ళిన గుట్టు బయటపడుతుంది. ఆ భయంతో తేలు కుట్టిన దొంగలా పన్నెండేళ్ళ పది నెలలు గడిపారు. అతిథులు బోర్డు పక్కన ఫొటో దిగుతున్నప్పుడల్లా వారు ఏదో పని గుర్తొచ్చినట్టు ఎందుకు మాయమయ్యేవారో మనకు ఇప్పుడు తెలిసింది.

"డెబ్భై ఐదు దాకా నిజం. ఆ పైనదంతా నాకే తెలీదు. ఈ ముక్క వ్యాసంలో రాయండి. రాయకపోతే నేను సన్మానానికి రాను."

"అందరూ చదువుతారు సార్. సంచుల మీద కూడా అచ్చయింది..."

"అందుకే రాయమంటున్నా."

స్టోర్ కీపరు గారికి ఏం పాలుపోలేదు. రాస్తే పెద్దాయన పరువు, రాయకపోతే పెద్దాయన మాట. చివరికి, "ముందు ఇంట్లో చెప్పండి సార్, అక్క ఇది అచ్చులో చదవకూడదు" అన్నారు. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్ళారు. వీధి మలుపు దగ్గర పాదరసం గారు రెండుసార్లు వెనక్కి తిరిగారు. రెండుసార్లూ స్టోర్ కీపరు గారు రెక్క పట్టుకుని నడిపించారు.

మొత్తం విన్నాక శ్రీమతి మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపారు. తనిఖీ గురించి గానీ తరాల గురించి గానీ ఆవిడ అడగలేదు.

"అయితే వదిన తీయలేదా?"

పాదరసం గారు లేదన్నట్టు తల అడ్డంగా ఊపారు.

"నేనడిగితే ఎవరో ఎత్తుకుపోయారన్నారు. వదినతో మాటలు మానేశానని మీకు తెలుసు. ఎదురుపడితే తల తిప్పుకుని పోయేదాన్నని తెలుసు. తెలిసీ ఊరుకున్నారు."

"తప్పే. నోరు రాలేదు" అన్నారు వారు. అడగకుండా ఉండలేక, గొంతు తగ్గించి అడిగారు. "ఆ బక్కెట్టుకు మూత లేదు కదా. అందులో ఉన్నవి నేనిచ్చినవేనంటావా?"

ఆవిడ లేచి లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక మడత తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. బక్కెట్టు మూతికి సరిపడా ఎలాస్టిక్ కుట్టిన, మూడడుగుల ఎత్తున్న వల గొట్టం. లోపల గుడ్ల కోసం దారంతో వేలాడదీసిన రెండు చెక్క బద్దలు కూడా అలాగే ఉన్నాయి. వల అంచు నీలం. మొదటి వలగది కుట్టినప్పుడు మిగిలిన ముక్క అది.

"మూత లేకపోవడమేంటి? నాలుగేళ్ళూ ఈ వల దాని మీదే ఉంది. బయటి ఈగ లోపలికి రాలేదు, లోపలిది బయటికి పోలేదు. ఆ రోజు బాగా మాసిందని ఉతికి తీగ మీద ఆరేసి వెళ్ళాను. గంట కూడా అయ్యుండదు, మీరొచ్చి ఎత్తుకుపోయారు. అప్పటికే అందులో వేలి కణుపంత పురుగుంది. గంటలో అంత అవుతుందా? మీరే చెప్పండి, పర్యవేక్షకులు గారు!"

ఆ రోజు తీగ మీద వల చూసిన మాట నిజమేననీ, ఎవరో ఇచ్చిన కుట్టుపని అనుకున్నాననీ పాదరసం గారు ఒప్పుకున్నారు. ఊరి చెత్తలో చెయ్యి పెట్టి చూసిన మనిషి సొంత పెరట్లో ఏం జరుగుతోందో నాలుగేళ్ళు చూడలేదు. వల పట్టుకుని గదిలో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచారు. "అయితే డెబ్భై ఆరు నిజమే. నూట డెబ్భై ఎనిమిదీ నిజమే" అని తమలో తామే అనుకుంటున్నారు. కళ్ళు తుడుచుకున్నారని రాయడానికి వారి అనుమతి తీసుకున్నాము.

"మీ అంకె నిలబడింది, సంతోషం" అన్నారు శ్రీమతి. "పన్నెండేళ్ళు నేను వదినతో మాట్లాడలేదు. అది ఏ బోర్డు మీద రాస్తారు?"

స్టోర్ కీపరు గారు గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నారు. పాదరసం గారు వల మడిచి మిషను మీద పెట్టి, చెప్పులేసుకుని, పక్కింటి గేటు దాకా వెళ్ళి ఆగారు. తర్వాత గోడ పొడవునా అటూ ఇటూ నడవడం మొదలుపెట్టారు. కిటికీలోంచి చూస్తున్న శ్రీమతి వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టారు. పదకొండుసార్లు. అప్పుడు గేటు తీసుకుని లోపలికి వెళ్ళారు.

లోపల ఏం చెప్పారో పూర్తిగా తెలియదు. కాసేపటికి పక్కింటావిడ గొంతు మాత్రం వీధిదాకా వినిపించింది. "బక్కెట్టు కోసమా అన్నయ్యా? నా మొక్కల కోసం నేనన్న మాటకు వదిన మనసు విరిగిందనుకుని ఇన్నేళ్ళూ నన్ను నేను తిట్టుకున్నానే! ఆ కోళ్ళు ఇంకో నాలుగు మొక్కలు పీకినా బాగుండేది!"

ఆ మాట వినగానే శ్రీమతి మిషను దగ్గర నుంచి లేచి, వీధి తలుపు కూడా వేయకుండా వెళ్ళిపోయారు. స్టోర్ కీపరు గారు ఆ ఇంటికి కాపలా కాస్తూ చీకటి పడేదాకా ఒంటరిగా కూర్చోవలసి వచ్చింది. ఆయన వచ్చిన పని పూర్తయింది గనుక విచారించలేదు.

ఈ వ్యాసం మన ప్రస్తుత డైరెక్టరు గారు అచ్చుకు ముందే చదివారు. ఒక్క వాక్యం కూడా కొట్టివేయలేదు. సంచుల మీది మాట అలాగే ఉంటుంది. బోర్డు కింద మాత్రం, పాదరసం గారు స్వయంగా సుద్దముక్కతో, చెరపకూడదన్న హెచ్చరికతో సహా, ఒక వరుస చేర్చారు: "డెబ్భై ఆరవ తరం మా ఇంటావిడ పెంపకం." ఇకమీదట ఆ బోర్డు పక్కన ఎవరు ఫొటో దిగినా ఆ వరుస కూడా అందులో పడుతుంది. నిన్న ఒక పాఠశాల నుంచి వచ్చిన ఉపాధ్యాయుల బృందం ఫొటో దిగుతుంటే పాదరసం గారు మాయమవలేదు, పక్కనే నిలబడ్డారు.

విరమణ కానుకగా ఏం కావాలని సిబ్బంది సంఘం అడిగితే వారు కోరింది రెండే. మొదటిది, ఇన్నాళ్ళూ వలగది మూల చెక్క బద్దలు దాచుకోవడానికి పనికొచ్చిన ఆ ఎర్ర బక్కెట్టు, అందులో నూట డెబ్భై ఎనిమిదవ తరం పురుగు గుప్పెడు. రెండవది, సన్మాన సభలో మొదటి వరుసలో మూడు కుర్చీలు, వాటిలో నడిమిది పక్కింటావిడకు. కుర్చీలు వేసి ఉన్నాయో లేదో వారు ఇప్పటికి నాలుగుసార్లు వచ్చి చూసుకున్నారు. సభకు ఇంకా ఆరు రోజులుంది.

తమ అవిశ్రాంత కృషితో ఈ కేంద్రాన్ని నిలబెట్టి, తమ పొరపాటును తామే అచ్చువేయించుకుని మనకు ఒక దారి చూపిన శ్రీ పాదరసం గారికి సంపూర్ణ ఆరోగ్యమూ, దీర్ఘాయుష్షూ, అలసట ఎరుగని కాళ్ళూ కలకాలం ఉండాలని కోరుకుంటున్నాము. డెబ్భై ఆరవ తరాన్ని మనకు అప్పు ఇచ్చిన వారి శ్రీమతికి నూరేళ్ళ ఆయుష్షూ, ఆరు కొత్త కోళ్ళూ కలగాలి. జూలై మొదటి తేదీ ఉదయం పది గంటలకు పాదరసం గారు హాజరు కావలసిన చోటు ఇకపై మన గేటు కాదు. ఎర్ర బక్కెట్టు చేత పట్టుకుని వారు వెళ్ళవలసింది పక్కింటికి. ఆ గేటు ఎనిమిదిన్నరకే తీసి ఉంచుతానని ఆవిడ కబురు పంపారు.